గోటి మీద నల్ల గీత: విజయనగరంలోని ఈ చర్మ వైద్యశాలకు నేనిచ్చే మార్కులు

ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. డాక్టర్ గారికి ఐదు, కౌంటరుకు రెండు, మెట్లకు ఒకటి. ఈ మూడింటికీ సగటు నాలుగు ఎలా వచ్చిందని లెక్కల మాస్టార్లు నిలదీయవచ్చు. చూపించుకున్నది నా వేలు కనుక తూకం కూడా నా ఇష్టమే.

ఇక్కడికి ఎక్కువ మంది మొటిమలకు, తామరకు, జుట్టు రాలడానికి వస్తారు. వాటి గురించి నాకంటే ముందు రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. గోటి జబ్బు గురించి ఒక్కరూ రాయలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. తొందరలో ఉన్నవాళ్లకు ఒక్క ముక్క: నడివయసులో ఏదో ఒక్క గోటి మీదే, మొదలు నుంచి చివరి దాకా నిలువుగా, గోధుమ రంగు గీతో నల్ల గీతో కొత్తగా వచ్చి వెడల్పవుతూ ఉంటే, మందుల దుకాణంలో పూత మందు అడగకుండా సరాసరి చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి.

నేను వీణ నేర్పుతాను. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరిలో వీధికొక సంగీతం టీచరు ఉండడం వింతేమీ కాదు. గీత వచ్చింది ఎడమ బొటనవేలికి. వీణతో పరిచయం లేనివారి కోసం చెబుతున్నాను: ఆ వేలు తీగను నొక్కదు. వీణ పొడుగు మెడను దండి అంటారు, దాని కింద ఆని ఉండి, చూపుడు వేలూ నడి వేలూ మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికించేటప్పుడు వాటికి ఆసరా ఇస్తుంది. ఆ వేలు పొట్టిదైతే గమకం కుంటుతుంది. గీత మొదట్లో దారమంత సన్నగా ఉండేది. దండి రాపిడి వల్ల అని ఒకరు, కాల్షియం తక్కువై అని ఒకరు, కలిసి వచ్చే గీత అని మా అత్తగారు. మందుల దుకాణంలో ఫంగస్ అన్నారు. ఊళ్లోనే మరోచోట ఒక డాక్టరు, వేలు నిండా చూడకుండానే, అదే ఫంగస్ మందు మాత్రల రూపంలో రాసిచ్చారు. ఆయన పేరు అడగవద్దు, చెప్పను.

ఈ క్లినిక్‌కు రావడానికి కారణం గోరింటాకు. ఆషాఢంలో శిష్యురాళ్లందరితో కలిసి పెట్టుకున్నాను. దసరా నాటికి ఆ ఎరుపు గోటి పై సగానికి జరిగిపోయి, మొదట్లో రంగులేని కొత్త గోరు వచ్చింది. చేతి గోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కనుక అది మామూలే. నల్ల గీత మాత్రం జరగలేదు. ఆషాఢం తర్వాత పుట్టిన కొత్త గోటిలోనూ అది మొదలు నుంచే ఉంది, పైగా చివర కంటే మొదట్లో లావుగా ఉంది. ఈ సంగతి చెప్పినప్పుడు డాక్టర్ గారు, "ఆగండమ్మా, ఇది రాసుకోవలసిన మాట" అని చీటీలో రాసుకున్నారు. తలుపు సందులో వేలు నలిగి గోటి కింద రక్తం గడ్డకట్టినా నల్లగానే ఉంటుందట. కానీ ఆ మచ్చ గోరింటాకులాగే గోటితో పాటు ముందుకు జరిగి, దాని వెనక శుభ్రమైన గోరు వస్తుంది. నా గీత వెనక శుభ్రమైన గోరు లేదు. అంటే రంగు తయారవుతున్నది గోరు పుట్టే చోటనే.

ఆ చోటును వాళ్లు మ్యాట్రిక్స్ అంటారు. గోటి మొదట్లో కనిపించే తెల్లని అర్ధచంద్రమూ, దాని వెనక చర్మం మడత కింద దాగిన భాగమూ అదే. డాక్టర్ గారు చెప్పిన పోలిక నాకు ఇప్పటికీ బాగా నచ్చింది. జంతికల గొట్టంలో ఎక్కడో నల్ల పిండి అంటుకుని ఉంటే, దిగే ప్రతి జంతిక మీదా గీత పడుతుంది. బయటికి వచ్చిన జంతికను ఎంత కోసి చూసినా ఏం తెలుస్తుంది, గొట్టం విప్పి చూడాలి కదా అన్నారు. గోటి చివర కత్తిరించి పరీక్షకు పంపితే చాలని అంతకు ముందు ఒకరు నాకు సలహా ఇచ్చి ఉన్నారు.

పరీక్ష ఎలా చేశారో చెబుతాను, ఎందుకంటే ఈ క్లినిక్ విలువంతా అక్కడే ఉంది. బయట జనం సణుగుతున్నా ఆవిడ తొందరపడలేదు. చెప్పులు విప్పించి ఇరవై గోళ్లూ చూశారు. అరికాళ్లు చూశారు. పెదవి లోపల, నాలుక మీద మచ్చలున్నాయేమో చూశారు. ఏ మందులు వాడుతున్నానో పేరుపేరునా అడిగారు. కొన్ని మందుల వల్ల, బి12 తక్కువైతే, గర్భంతో ఉన్నప్పుడు కూడా గోళ్ల మీద గీతలు వస్తాయట. మన ఒంటి రంగు వాళ్లలో వయసు వచ్చేకొద్దీ చాలా గోళ్లకు ఇలాంటి గీతలు రావడం సాధారణం, వాటిలో చాలావరకు ఏ హానీ లేనివే. పది వేళ్లకు ఉంటే అంత దిగులు పడనక్కరలేదు, ఒక్క వేలికే ఉంటే వదలకూడదు అన్నారు. ఆ తర్వాత గోటి పొడి గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి ఫంగస్ లేదని తేల్చారు. నెలల తరబడి నేను డబ్బు పోసి కొన్న మందుకు అక్కడితో కథ ముగిసింది.

అప్పుడు డెర్మోస్కోప్ తీశారు. చేతిలో ఇమిడే, దీపం ఉన్న భూతద్దం. గోటి మీద జెల్ రాసి, దాన్ని ఆనించి ఫొటో తీసి, పెద్ద తెర మీద నాకే చూపించారు. మామూలు కంటికి ఒకే గీత. తెర మీద సన్నని గీతల కట్ట, కొన్ని గోధుమ, కొన్ని నలుపు. మందం సమానంగా లేదు, మధ్య ఎడం సమానంగా లేదు. మొదట్లో 4 మిల్లీమీటర్లు, చివర 3. చివర ఉన్నది నెలల కిందట పుట్టిన గోరు, మొదట్లో ఉన్నది నిన్న మొన్న పుట్టినది. కాబట్టి కింద ఉన్నది ఈ మధ్య వెడల్పవుతోందని ఆ కొలతే చెబుతుంది. గోటి మొదట్లోని పల్చని చర్మంలోకి కూడా రంగు పాకినట్టు భూతద్దంలో కనిపించింది, కంటికి కాదు. దీనికి హచిన్సన్ గుర్తు అని పేరు. జొనాథన్ హచిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు 1886లోనే ఇలాంటి నల్ల గోరుచుట్టు గురించి రాశారట. అయితే ఆ చర్మం పల్చగా ఉంటే కింద ఉన్న గోటి రంగే పైకి కనిపించి మోసం చేయవచ్చు, అందుకని ఈ ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పనని కూడా అన్నారు. అలా ఆగి మాట్లాడే డాక్టర్లు నాకు ఇష్టం.

గోడ మీద పటం గురించి ఒక ఫిర్యాదు. గోటి మెలనోమాను, అంటే రంగు కణాల నుంచి పుట్టే క్యాన్సర్‌ను, అనుమానించడానికి 2000లో ప్రతిపాదించిన ఆరు అక్షరాల సూత్రం, ఏ నుంచి ఎఫ్ దాకా, అంతా ఇంగ్లిషులోనే ఉంది. గంట్యాడ నుంచో నెల్లిమర్ల నుంచో వచ్చి కూర్చున్నవాళ్లకు అది గోడ అలంకారమే. తెలుగులో నేనే చెబుతాను. నలభై దాటి డెబ్బై లోపు వయసు, మనలాంటి ముదురు రంగు చర్మం. గోధుమ నుంచి నలుపు దాకా ఉండే గీత, వెడల్పు 3 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో, అంచు అలుక్కుపోయి. త్వరగా మారడం, లేదా మందు వాడినా ఏమీ మారకపోవడం. చేతి బొటనవేలు, కాలి బొటనవేలు, చూపుడు వేలు అయితే అనుమానం మరింత. రంగు గోరు దాటి చుట్టూ ఉన్న చర్మం మీదికి పాకడం. చివరిది, ఇంట్లో ఎవరికైనా లేదా మనకే ఇంతకు ముందు మెలనోమా ఉండడం. నాకు ఆ చివరిది తప్ప తక్కినవన్నీ ఎంతో కొంత సరిపోయాయి. తెల్లవాళ్లలో మెలనోమా ఎక్కువగా ఎండ తగిలే చోట వస్తుంది. మనలాంటి వాళ్లకు అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వచ్చే రకమే పెద్ద వాటా, ఎండతో దానికి అంత సంబంధం కనపడదు. ఇది కూడా ఆ పటంలో ఒక మూల తెలుగులో రాసి పెడితే వాళ్ల సొమ్మేం పోతుంది?

బయాప్సీ ఈ క్లినిక్‌లోనే చేశారు. వేలి మొదట్లో రెండు పక్కలా మత్తు ఇంజెక్షన్లు, అవి నొప్పే, అబద్ధం చెప్పను. తర్వాత రక్తం ఆపడానికి వేలి మొదట రబ్బరు పట్టీ బిగించారు. గోటిని మొదట్లో కొంత మేర లేపి, చర్మం మడతను రెండు పక్కలా చిన్నగా కోసి వెనక్కి మడిచి, గీత పుట్టే చోటును బయటికి తెచ్చారు. రంగున్న ముక్కను పూర్తిగా, కానీ మందం మిల్లీమీటరు కంటే తక్కువ ఉండేలా, బ్లేడుతో పడుకోబెట్టి చెక్కారు. నిలువుగా లోతుకు కోస్తే గోరు ఎప్పటికీ చీలి వస్తుంది, ఇలా చెక్కితే ఆ ప్రమాదం తక్కువ. ముక్కను కాగితం మీద పరిచి, ఏది పై వైపో ఏది పక్క వైపో వేలు బొమ్మ గీసి మరీ రాశారు. ఇలా గుర్తు పెట్టకపోతే చూసేవాళ్లకు ఏ అంచు ఏదో తెలియదట. లేపిన గోరును కూడా వేరే సీసాలో వేసి పంపారు. ఆ రాత్రి వేలు కొట్టుకుంది. చెయ్యి గుండె కంటే ఎత్తులో పెట్టుకుని పడుకోమన్నారు, అలా చేస్తే తగ్గింది.

ఇక కౌంటరుకు రెండు నక్షత్రాలు ఎందుకో. నివేదిక వచ్చిందని ఫోను చేసి పిలిచారు. కౌంటరులోని అబ్బాయి కవరు చించి, అందరి ముందే, "మేడమ్, మీకు క్యాన్సర్ డౌటు అని రాశారు, లోపలికి వెళ్లండి" అన్నాడు. పక్క కుర్చీలో నా శిష్యురాలి తల్లి ఉన్నారు. సాయంత్రానికి మా వీధంతా పరామర్శలు. అప్పటికే మా అత్తగారు తుంటి ఎముక విరిగి మంచంలో ఉన్నారు, గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ వారం తెలిసింది. డాక్టర్ గారికి చెబితే నొచ్చుకున్నారు, అబ్బాయిని మందలించారు. ఇప్పుడు కవర్లు అతికించే ఇస్తున్నారు. ఈ సమీక్ష చూసైనా అలాగే కొనసాగించాలని కోరుతున్నాను.

ఆ మొదటి నివేదికలో తేల్చి చెప్పలేదు. రంగు కణాలు ఉండవలసిన దాని కంటే ఎక్కువగా, అసహజంగా ఉన్నాయి, మరొకరి అభిప్రాయం తీసుకోండి అని ఉంది. గోటి మెలనోమా తొలి దశలో ఇది మామూలేనట, ఎందుకంటే అప్పుడు కణాలు కొద్దిగానే పెరిగి ఉంటాయి. డాక్టర్ గారు ఊరుకోలేదు, చూద్దాం అని ఆరు నెలలకు వాయిదా వేయలేదు. మైనంలో పోతపోసి ఉంచిన అవే ముక్కలను, బ్లాకులు అంటారు వాటిని, తెప్పించి, గోళ్లు ఎక్కువగా చూసే మరో పెథాలజిస్టుకు పంపి, మెలాన్-ఏ, సాక్స్-10 అనే ప్రత్యేక రంగు పరీక్షలు చేయించారు. ఈసారి తేలింది: మెలనోమా ఇన్ సైటు. జబ్బు పై పొరలోనే ఉంది, కిందికి దిగలేదు. దశ సున్నా. లోతు కొలవవలసిన పని లేదు, జబ్బు పాకిందేమోనని చంకలోని లింఫు గ్రంథులకు సూది వేయవలసిన పని లేదు.

శస్త్రచికిత్స విజయనగరంలో కాదు, విశాఖపట్నంలో జరిగింది. కాబట్టి ఇక్కడి నక్షత్రాలలో దానికి లెక్క లేదు. అయినా ఈ క్లినిక్ చేసిన మేలు అందులోనూ ఉంది. విశాఖలో మొదట వెళ్లిన పెద్ద ఆసుపత్రిలో, నేను కుర్చీలో సర్దుకునే లోపే, బొటనవేలు కణుపు దగ్గర తీసేద్దామన్నారు. క్యాన్సర్ అన్నాక వేలు చూసుకుంటే ఎలా అని మా వారూ అన్నారు. నేను లేచి వచ్చి, ఇక్కడి డాక్టర్ గారికి ఫోను చేశాను. ఆవిడ చెప్పింది ఇదీ: పూర్వం గోటి మెలనోమా అంటే ఏ దశలోనైనా వేలు తీసేవారు. పై పొర దాటనిదైతే ఇప్పుడు గోటి కుదురు మొత్తాన్ని, చుట్టూ కొంత మంచి చర్మంతో సహా, ఎముక పై పొర దాకా తీసి, ఎముకను ఉంచుతారు. ఈ దశలో వేలు ఇంకా పైకి తీసినందువల్ల అదనంగా ఒరిగేది లేదు. చేతి శస్త్రచికిత్సలు చేసే ప్లాస్టిక్ సర్జన్‌కు ఒక ఉత్తరం రాసి, డెర్మోస్కోప్ ఫొటోలు జతపరిచి ఇచ్చారు. ఉత్తరంలో 'రోగి వీణ విద్వాంసురాలు' అని కూడా రాశారు. విద్వాంసురాలినా కాదా అన్నది పక్కన పెట్టండి, ఆ మాట పనిచేసింది.

ఈ సమయంలోనే ఒక శిష్యురాలి అన్నయ్య బాబ్ మార్లీ కథ తెచ్చి భయపెట్టాడు. జమైకా గాయకుడు, 1977లో కాలి బొటనవేలి గోటి కింద మెలనోమా తేలింది. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. వేలు తీయించుకోవడానికి ఒప్పుకోలేదు, గోరూ దాని కింది కణజాలమూ తీసి చర్మం అతికించారు, 1981 మే నెలలో 36 ఏళ్లకే పోయారు. 'మీరూ అదే చేయించుకుంటున్నారు' అన్నాడు ఆ అబ్బాయి. నిజమే, ఆపరేషన్ పేరు ఒకటే. కానీ ఒంట్లోకి పాకిన జబ్బుకూ, పై పొర దాటని జబ్బుకూ ఒకే కొలత పెడితే ఎలా? ఏ దశలో పట్టుకున్నారన్నది వదిలేసి ఏం కోశారన్నది మాత్రమే చెప్పే కథలతో జనం అటైనా ఇటైనా తప్పు నిర్ణయానికే వస్తారు. భయపడి అనవసరంగా వేలు తీయించుకుంటారు, లేదా అసలు ఆసుపత్రి ముఖమే చూడరు.

సర్జన్ గారు గోటి చుట్టూ స్కేలు పెట్టి, సిరాతో 5 మిల్లీమీటర్ల దూరంలో గీత గీశారు. వేలును నిటారుగా నిలిపే నరం లాంటి పట్టీ, టెండన్, గోరు పుట్టే చోటికి మిల్లీమీటరు పైచిలుకు దూరంలోనే ఎముకకు అతుక్కుని ఉంటుందట. అది తెగితే వేలి కొన వాలిపోతుంది. పక్కల్లో గోటి మూలం కొమ్ముల్లా లోపలికి చొచ్చుకుని ఉంటుంది, అక్కడ ఏ కాస్త మిగిలినా ముల్లు లాంటి గోరు మళ్లీ మొలుస్తుంది. ఈ రెండింటి మధ్యే పనితనమంతా. మోచేతి పైన లోపలి వైపు నుంచి చర్మం పూర్తి మందంతో తీసి వేలికి కుట్టి, పైన దూది ఉండ పెట్టి దారాలతో బిగించారు. వారానికి కట్టు విప్పినప్పుడు ఊదారంగులో ఉంది, చూడగానే కుళ్లిందనుకున్నాను. అతుక్కుంటున్న చర్మం అలాగే ఉంటుందట, క్రమంగా గులాబీ రంగుకు తిరిగింది. తీసిన భాగంలో అంచులన్నీ శుభ్రమని నివేదిక వచ్చింది.

ఆ వేలికి ఇక గోరు రాదు. చేతి చర్మం ఒక రంగు, అతికించిన ముక్క ఒక రంగు. నేల మీద పడిన రూపాయి నాణెం తీయడం, వెల్లుల్లి ఒలవడం, కొత్త తీగను బిరడాకు చుట్టడం ఎడమ చేత్తో చికాకే. చలిలో కొన జివ్వుమంటుంది. దండి కింద మాత్రం వేలు ఎప్పటిలాగే ఆనుతుంది, పొడవు తగ్గలేదు కనుక. తోడిలో గాంధారం ఊపినప్పుడు మొదట్లో కొంచెం భయం వేసింది, ఇప్పుడు లేదు. పెళ్లిళ్లలో కొత్తవాళ్లు వేలు వంక చూస్తారు. చూడనివ్వండి.

ఆపరేషన్ తర్వాత కూడా ఇక్కడే చూపించుకుంటున్నాను. ప్రతిసారీ అతికించిన చర్మం అంచులు డెర్మోస్కోప్‌తో చూస్తారు, మోచేయి దగ్గర, చంకలో గ్రంథులు తడుముతారు, తక్కిన పంతొమ్మిది గోళ్లూ అరికాళ్లూ చూస్తారు, పాత ఫొటో పక్కన కొత్త ఫొటో పెట్టి చూపిస్తారు.

ఖర్చు విషయం. చూసినందుకు 500 రూపాయలు. బయాప్సీకి, రెండు చోట్ల ప్రయోగశాల పరీక్షలకు కలిపి 14 వేలు దాటింది. రసీదులో విడివిడిగా రాయమంటే విసుక్కున్నారు, పట్టుబట్టి రాయించుకోండి, బీమా వాళ్లు అడుగుతారు. బియ్యం కార్డు ఉన్నవాళ్లు విశాఖ ఆసుపత్రిలో చేరే ముందే ఎన్టీఆర్ వైద్య సేవ బల్ల దగ్గర అడగడం మంచిది.

వెళ్లేవారు గోళ్ల రంగు తుడుచుకుని వెళ్లండి. ఫోనులో చేతుల పాత ఫొటోలు ఏవైనా ఉంటే, పెళ్లివైనా పర్వాలేదు, వెతికి పెట్టుకోండి, గీత ఎప్పటి నుంచి ఉందో వాటిలో తెలుస్తుంది. మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద మందుల దుకాణంలో చెబితే కుర్చీలో ఎత్తుకు తీసుకువెళతారు. సిరిమానోత్సవం రోజుల్లో ఆ వీధిలోకి ఆటోలు రానివ్వరు. గురువారం మధ్యాహ్నం డాక్టర్ గారు ఉండరు, ఫోను చేసి అడిగితే మాత్రం కౌంటరు వాళ్లు ఉన్నారనే చెబుతారు.